ఒక్క ముక్కా వృథా కాకుండా: ఇంటి ఫ్రీజర్ నేర్పే పొదుపు పాఠం



కొన్నేళ్ళ క్రితం మా ఇంట్లో జరిగిన ఒక చిన్న సంగతితో ఈ వారం పాఠం మొదలుపెడతాను. క్రిస్మస్ పండుగకు తెచ్చిన మాంసంలో రెండు కిలోలు మిగిలింది. పారవేయడానికి మనసొప్పక, తెచ్చిన సంచితోనే ఫ్రీజర్‌లో పెట్టేశాను. ఫ్రీజర్‌లో పెట్టింది చెడిపోదు కదా అన్న ధీమా! రెండు వారాల తరువాత చుట్టాలు వస్తున్నారని శనివారం రాత్రి దాన్ని బయటకు తీశాను. అది రాయిలా బిగుసుకుపోయి ఉంది. కత్తి దిగలేదు. గిన్నెలో వేసి వంటగట్టు మీద వదిలేసి పడుకున్నాను. ఉదయం పూజకు వెళ్ళి, పన్నెండు గంటలకు తిరిగి వచ్చేసరికి పైభాగం మెత్తబడి వాసన వేస్తోంది, మధ్యలో మాత్రం ఇంకా మంచుగడ్డే.

మా అత్తయ్య చూసి, "అమ్మాయ్, దాచుకున్నావనుకున్నాను గానీ పారేయడానికి రెండు వారాలు గడువు పెట్టుకున్నావా?" అన్నారు.

"తప్పు నాదేనండీ అత్తయ్యా" అన్నాను. ఆ మాట ఎంత నిజమో తరువాత నేర్చుకున్నాను. ఫ్రీజర్ పెట్టె మాత్రమే. దానిలో ఏది, ఎలా, ఎంత పెట్టాలో తెలిస్తే అది డబ్బు మిగులుస్తుంది. తెలియకపోతే ఆహారంతో పాటు ఆరోగ్యాన్నీ పాడుచేస్తుంది.

దాచుకోవడం మనకు కొత్త కాదు. ఒరుగులు, వడియాలు, ఊరగాయలు, ఉప్పుచేపలు, చద్దన్నం అన్నీ మన పెద్దలు వృథాను అరికట్టిన మార్గాలే. ఎండ, ఉప్పు, నూనె, పులుపు వారి సాధనాలు. మనకు వాటితో పాటు చలి కూడా చేతికందింది. ఐదు రొట్టెలతో జనసమూహం తృప్తిగా తిన్న తరువాత మిగిలిన ముక్కలను పోగుచేయమని ప్రభువు శిష్యులకు చెప్పిన సంగతి యోహాను సువార్త 6వ అధ్యాయంలో చదువుతాం. సమృద్ధిగా ఉన్న చోట కూడా పారవేయకూడదన్నది ఆ మాట. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో వృథా అయిన ఆహారం 105 కోట్ల టన్నులు. అందులో 60 శాతం ఇళ్ళలో వృథా అయినదే. కాబట్టి ఈ లెక్క మన వంటింటి దాకా వస్తుంది.

1. చలి ఏం చేస్తుంది?

ఆహారాన్ని చెడగొట్టే సూక్ష్మజీవులు పెరగాలంటే తేమ, వెచ్చదనం కావాలి. ఆహారంలోని నీరు గడ్డకట్టినప్పుడు వాటికి రెండూ దొరకవు. ఫ్రీజర్‌లో ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 18 డిగ్రీల సెల్సియస్ ఉంటే అవి పెరగలేవు. అయితే అవి చావవు, నిద్రపోతాయి. బయటకు తీసి వెచ్చబడనిస్తే లేచి మళ్ళీ పని మొదలుపెడతాయి. అందుకే ఫ్రీజర్‌లోకి వెళ్ళేటప్పుడు ఆహారం ఎంత శుభ్రంగా, తాజాగా ఉందో బయటకు వచ్చేటప్పుడూ అంతే ఉంటుంది. చెడిపోబోతున్న దానిని ఫ్రీజర్ బాగుచేయలేదు.

రెండో సంగతి, గడ్డకట్టే వేగం. నెమ్మదిగా గడ్డకడితే మంచు పలుకులు పెద్దవిగా ఏర్పడి, మాంసంలోని, కాయల్లోని కణాల గోడలను చీలుస్తాయి. కరిగినప్పుడు నీరంతా కారిపోయి పీచుగా మిగులుతుంది. త్వరగా గడ్డకడితే పలుకులు చిన్నవిగా ఉండి రుచి నిలుస్తుంది. అమెరికావాడైన క్లారెన్స్ బర్డ్స్ఐ 1910ల దశకంలో కెనడాలోని లాబ్రడార్‌లో ఉన్నప్పుడు, అక్కడి స్థానికులు పట్టిన చేప ఆ గడ్డుచలిలో క్షణాల్లో గడ్డకట్టి, నెలల తరువాత వండినా తాజాగా ఉండటం గమనించాడు. ఆ గమనికతోనే త్వరగా గడ్డకట్టించే యంత్రాలు తయారుచేశాడు. 1930లో ఆ సరుకు అమెరికాలో దుకాణాలకు చేరింది. మన ఇంటికి ఆ యంత్రాలు లేకపోయినా అదే సూత్రం పాటించవచ్చు: పలుచగా పరచి, కొద్దికొద్దిగా పెట్టాలి. నా రెండు కిలోల ముద్ద చేసిన తప్పు ఇదే.

2. మన ఫ్రీజర్ చలి ఎంత?

ఫ్రిజ్‌లో కింది భాగం 4 డిగ్రీలకు మించకూడదు, ఫ్రీజర్ సున్నాకు దిగువన 18 ఉండాలి. చిన్న థర్మామీటరు ఉంటే మంచిది. లేకపోతే ఒక సులువైన పరీక్ష ఉంది. ఫ్రీజర్‌లో పెట్టిన ఐస్‌క్రీమ్ ఇటుకలా గట్టిగా ఉంటే చలి సరిపోతున్నట్లు. చెంచా సులభంగా దిగుతుంటే చాలనట్లు.

కొన్ని ఫ్రిజ్‌ల ఫ్రీజర్ తలుపు మీద నక్షత్రపు గుర్తులు ఉంటాయి. ఒకటి ఉంటే సున్నాకు దిగువన 6 డిగ్రీలు, రెండుంటే 12, మూడుంటే 18 అని అర్థం. ఒక నక్షత్రం గల దానిలో వారం రోజులు, రెండు గల దానిలో నెల రోజులు మాత్రమే దాచాలి. కరెంటు పొదుపును తెలిపే బి.ఇ.ఇ. నక్షత్రాలు వేరు, ఇవి వేరు. ఒకే తలుపు గల ఫ్రిజ్‌లో పైన ఉండే చిన్న అర చాలా ఇళ్ళలో 18 దాకా దిగదు. అటువంటి ఇంటివారు కింద చెప్పబోయే నెలల లెక్కను నమ్ముకోకుండా, రెండు మూడు వారాల్లో వాడేసుకోవాలి.

ఒకేసారి ఎంత పెట్టాలి? 50 లీటర్ల ఫ్రీజర్‌లో ఒక రోజుకు కొత్తగా రెండు కిలోలకు మించకూడదు. పదిహేను లీటర్ల చిన్న అర అయితే అర కిలో నుంచి ముప్పావు కిలో చాలు. ఎక్కువ కుక్కితే అన్నీ నెమ్మదిగా గడ్డకడతాయి, పాతవీ మెత్తబడతాయి.

3. కూరగాయలు: కారు చౌకగా ఉన్నప్పుడే

ఫ్రీజర్ వల్ల డబ్బు మిగిలేది ముఖ్యంగా ఇక్కడే. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు పచ్చి బఠాణీ బాగా దిగుతుంది. వేసవి మొదట్లో చింతచిగురు, మార్చి నుంచి పచ్చిమామిడి, మే నెలలో రసాలు. టమాటా ధర సంగతి మీకు తెలియనిది కాదు. 2023 జూలైలో కిలో వంద రూపాయలు దాటింది. ఇంకొన్ని నెలల్లో రైతులు ధర లేక రోడ్డు మీద పారబోసిన రోజులూ చూశాం. చౌకగా ఉన్నప్పుడు కొని దాచుకుంటే ఇంటికీ మేలు, రైతు సరుకుకూ గిరాకీ.

బఠాణీని ఉదాహరణగా తీసుకుని పద్ధతి నేర్చుకుందాం.

మొదట కాయలు ఒలిచి గింజలను కడగాలి. ఒక పెద్ద గిన్నెలో అర కిలో గింజలకు నాలుగు లీటర్ల చొప్పున నీరు తెర్లనివ్వాలి. గింజలు వేసి, నీరు మళ్ళీ పొంగినప్పటి నుంచి ఒకటిన్నర నిమిషం ఉంచి తీయాలి. వెంటనే బాగా చల్లని నీటిలో వేసి అంతే సేపు ఉంచాలి. జల్లెడలో వడకట్టి, శుభ్రమైన గుడ్డ మీద ఆరనివ్వాలి. పళ్ళెంలో ఒక వరుసగా పరచి ఫ్రీజర్‌లో పెట్టి, గట్టిపడిన తరువాత కవరులోకి ఎత్తి గాలి పోయేలా నొక్కి మూసేయాలి. ఇలా చేస్తే గింజకు గింజ విడిగా ఉంటుంది, కావలసినంతే తీసుకోవచ్చు.

వేడినీటిలో ఎందుకు ముంచాలి? కాయగూరల్లో వాటిని పండించే, ముదిరించే ఎంజైములు ఉంటాయి. చలి వాటిని నెమ్మదింపజేస్తుంది గానీ ఆపదు. ముంచకుండా పెట్టిన బఠాణీ కొన్ని వారాలకే రంగు తగ్గి గడ్డి వాసన వేస్తుంది. ఇదే పద్ధతిలో బీన్స్ మూడు నిమిషాలు, క్యారెట్ ముక్కలు రెండు నిమిషాలు, కాలీఫ్లవర్ పూలు మూడు నిమిషాలు, లేత బెండకాయ మూడు నిమిషాలు ముంచాలి.

ముంచనవసరం లేనివీ ఉన్నాయి. టమాటాలను కడిగి తుడిచి అలాగే గట్టిపరచవచ్చు. వాడేటప్పుడు నీటి ధార కింద పట్టుకుంటే తొక్క ఊడి వస్తుంది. కూరకు, చారుకు బాగుంటాయి గానీ పచ్చిగా తినడానికి పనికిరావు. తురిమిన కొబ్బరి, పచ్చిమామిడి ముక్కలు, మామిడి రసం, నిమ్మరసం చక్కగా నిలుస్తాయి. అల్లం వెల్లుల్లి ముద్దను ఐస్ గడ్డల ట్రేలో పెట్టి, గట్టిపడ్డాక డబ్బాలోకి మార్చుకుంటే రోజుకో గడ్డ చాలు. గోంగూరను నూనెలో మగ్గించి, చల్లార్చి చిన్న డబ్బాల్లో పెట్టుకోవచ్చు.

4. మాంసం, చేపలు

పండుగకు కొన్న మాంసం మిగులుతుందనిపిస్తే వండకముందే, కొన్న రోజే విడదీయాలి. మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉంచి, ఇక చెడిపోతుందేమోనని ఫ్రీజర్‌కు మార్చడం వల్ల ఉపయోగం లేదు. ఒక్క పూటకు మీ ఇంటికి ఎంత కావాలో అంతే, పావు కిలోనో అర కిలోనో, ఒక్కో పొట్లం చేయాలి. అరచేతితో నొక్కి బల్లపరుపుగా చేసి గాలి తీసి మూయాలి. ఎర్ర, నల్ల రంగుల పలుచని క్యారీబ్యాగులు వద్దు. ఆహారానికి పనికివచ్చే మందపు కవరు గానీ, మూత బిగుతైన స్టీలు డబ్బా గానీ వాడాలి.

సున్నాకు దిగువన 18 డిగ్రీల చలిలో రుచి తగ్గకుండా నిలిచే కాలం ఇది: కోడి ముక్కలు తొమ్మిది నెలలు, మేక మాంసం ఆరు నుంచి తొమ్మిది నెలలు, కైమా మూడు నాలుగు నెలలు. కొవ్వు తక్కువగా ఉండే చేపలు ఆరు నెలలు. కవళ్ళు, కానాగంతలు, వంజరం వంటి నూనె గల చేపలు రెండు మూడు నెలలు మాత్రమే. రొయ్యలు మూడు నుంచి ఆరు నెలలు. చేపలు కొనేటప్పుడు, "ఇవి ఇంతకుముందు గడ్డకట్టించినవా?" అని అడగడానికి మొహమాటపడవద్దు. బజారులోనే ఒకసారి గడ్డకట్టి కరిగిన చేపను మళ్ళీ దాచే కన్నా ఆ రోజే వండుకోవడం మేలు.

మాంసం మీద తెల్లగా ఎండిన మచ్చలు కనిపిస్తే భయపడవద్దు. గాలి తగిలి తేమ ఆరిపోయిన చోటు అది. హాని లేదు, రుచి మాత్రం ఉండదు. ఆ భాగం కోసి పారవేస్తే చాలు.

5. వండిన పదార్థాలు

వండిన కూర ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు ఆగుతుంది. తపస్సు కాలంలో గురువారం మిగిలిన మాంసం కూర శుక్రవారం ముట్టకపోయినా, శనివారానికి ఫ్రిజ్ చాలు. ఫ్రీజర్ అవసరం లేదు. అంతకు మించి ఆగాలంటే అదే రోజు ఫ్రీజర్‌లో పెట్టి రెండు మూడు నెలల్లో వాడాలి.

వేడి గిన్నెను నేరుగా ఫ్రీజర్‌లో పెట్టకూడదు, చుట్టూ ఉన్నవన్నీ కరుగుతాయి. చల్లారాలని గంటల కొద్దీ బయట వదిలేయనూ కూడదు. వండిన రెండు గంటల్లోపు లోపలికి చేరాలి. ఎండలు 32 డిగ్రీలు దాటే రోజుల్లో గంటలోపే. వెడల్పాటి పళ్ళెంలోకి వంచి, దాన్ని చల్లని నీటి పళ్ళెంలో ఉంచి కలుపుతుంటే త్వరగా చల్లారుతుంది. ముఖ్యంగా అన్నం విషయంలో జాగ్రత్త. బియ్యంలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. అన్నం వెచ్చగా ఎక్కువసేపు ఉంటే అవి విషాన్ని పుట్టిస్తాయి, మళ్ళీ వేడిచేసినా అది పోదు. పసిపిల్లలు, వృద్ధులు ఉన్న ఇళ్ళలో ఈ మాట మరువకూడదు.

నీరు గడ్డకట్టినప్పుడు సుమారు తొమ్మిది శాతం పెరుగుతుంది. అందుకే పులుసు, సాంబారు, పప్పు పెట్టే డబ్బా పైన రెండు వేళ్ళ ఖాళీ వదలాలి. గాజు సీసాలు పగులుతాయి కనుక వద్దు. మిగిలిన ఇడ్లీలు, సగం కాల్చిన చపాతీలు మధ్యలో కాగితం పెట్టి దాచుకుంటే పిల్లల బడి రోజుల్లో ఆదుకుంటాయి.

ఫ్రీజర్‌కు సరిపడనివి: పెరుగు, మజ్జిగ పులుసు విరిగిపోతాయి. బంగాళాదుంప కూర పలుకుగా తయారవుతుంది. ఉడికించిన గుడ్డులో తెల్లసొన రబ్బరులా అవుతుంది. పెంకుతో ఉన్న పచ్చిగుడ్డు పగులుతుంది. కీరదోస, పుచ్చకాయ నీరు కారిపోతాయి. గారెలు కరకరలాడవు.

6. కరిగించడం

నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే జరిగింది. మాంసాన్ని వంటగట్టు మీద కరిగించకూడదు. లోపల మంచు ఉండగానే పైభాగం వెచ్చబడి సూక్ష్మజీవులు పెరుగుతాయి. మూడు పద్ధతులు క్షేమం. ఒకటి, ముందు రాత్రి ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్ కింది అరలోకి, కింద పళ్ళెం పెట్టి మార్చడం. రెండు, తొందరైతే కవరు విప్పకుండా చల్లని నీటిలో ఉంచి, అరగంటకోసారి నీరు మార్చి, కరగగానే వండడం. మూడు, మైక్రోవేవ్‌లో కరిగించి వెంటనే వండడం. బఠాణీ వంటి గింజలను కరిగించకుండానే కూరలో వేయవచ్చు.

మళ్ళీ గడ్డకట్టించవచ్చా అని చాలామంది అడుగుతారు. ఫ్రిజ్ లోపల కరిగిన దానిని తిరిగి పెట్టవచ్చు, రుచి కొంత తగ్గుతుంది. నీటిలోనో మైక్రోవేవ్‌లోనో కరిగించినది వండిన తరువాతే తిరిగి పెట్టాలి. రెండు గంటలకు మించి బయట ఉన్నది తిరిగి పెట్టకూడదు, తినకూడదు.

7. కరెంటు పోతే

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తరువాత విశాఖపట్నంలో, 2024 సెప్టెంబరు వరదల్లో విజయవాడలో కొన్ని పేటలవారు రోజుల తరబడి కరెంటు లేక గడిపారు. అటువంటప్పుడు మొదటి నియమం తలుపు తెరవకపోవడం. తెరవకుండా ఉంటే నిండుగా ఉన్న పెద్ద ఫ్రీజర్ 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చలిని నిలుపుకుంటుంది. చిన్న అర అంతసేపు ఆగదు. ఫ్రిజ్ కింది భాగం నాలుగు గంటలే.

ఊరికి వెళ్ళినప్పుడు కరెంటు ఎంతసేపు పోయిందో ఎలా తెలుస్తుంది? చిన్న గిన్నెలో నీరు గడ్డకట్టించి, పైన ఒక రూపాయి బిళ్ళ పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. తిరిగి వచ్చేసరికి బిళ్ళ పైనే ఉంటే భయం లేదు. అడుగుకు చేరి ఉంటే అంతా కరిగి మళ్ళీ గడ్డకట్టినట్లు, మాంసం, చేపలు పారవేయక తప్పదు. ఆహారంలో ఇంకా మంచు పలుకులు కనిపిస్తుంటే మాత్రం తిరిగి గడ్డకట్టించవచ్చు.

8. నిజంగా డబ్బు మిగులుతుందా?

లెక్క వేసి చూద్దాం. పచ్చి బఠాణీ కాయలతో కిలో 40 రూపాయలు అనుకుందాం. ఒలిస్తే గింజలు సగం కన్నా కొంచెం తక్కువ వస్తాయి. అంటే గింజల కిలో సుమారు 90 రూపాయలు పడుతుంది. మీ బజారులో గడ్డకట్టిన బఠాణీ ప్యాకెట్టు ధర పక్కన రాసి, తేడా మీరే చూసుకోండి. ఒలిచే పనికి కూలి లేదు. సాయంత్రం పిల్లలు, పెద్దలు కలిసి కూర్చుంటే అరగంట కబుర్లతో అయిపోతుంది.

అయితే పొదుపు పేరుతో అప్పుచేసి రెండో ఫ్రీజర్ కొనడం పొదుపు కాదు. ఉన్న దానిని సరిగా వాడుకుంటే చాలు. ప్రతి పొట్లం మీద పదార్థం పేరు, తేదీ రాయండి. రాయని పొట్లం మూడు నెలల తరువాత ఎవరికీ గుర్తుండదు, చివరకు చెత్తబుట్టకే చేరుతుంది. లోపల ఏమున్నదో ఒక కాగితం మీద రాసి తలుపుకు అంటించి, తీసినప్పుడల్లా కొట్టివేయండి. ముందు పెట్టినది ముందు వాడండి.

ఇంకొక మాట. పెళ్ళిలోనో విచారణ పండుగలోనో వేడివేడిగా మిగిలిన అన్నం, కూరలకు ఫ్రీజర్ సరైన చోటు కాదు. ఆ పూటే, రెండు గంటలు దాటకముందే ఆకలిగా ఉన్నవారి చేతికి చేరాలి. ఆహారాన్ని పారవేయడం పేదల బల్ల మీద నుంచి దొంగిలించడం వంటిదని పోప్ ఫ్రాన్సిస్ 2013 జూన్‌లో చెప్పారు. దాచుకోవడం మంచిదే, పంచుకోవడం అంతకన్నా మంచిది. ఫ్రిజ్ లేని పొరుగింటివారి రెండు పొట్లాలకు మన ఫ్రీజర్‌లో చోటిస్తే అదీ పంచుకోవడమే.

ఈ వారం ఇంట్లో చేయవలసిన పని

1. ఫ్రీజర్ ఖాళీ చేసి, ఏమేమి ఉన్నాయో రాయండి. పేరు తెలియని పొట్లాలు ఎన్ని?

2. ఏడు రోజులు, ఇంట్లో పారవేసిన ప్రతి ఆహార పదార్థాన్నీ, దాని ఖరీదునూ ఒక పుస్తకంలో రాయండి. ఈ పని పిల్లలకు అప్పగించండి, వారు దేన్నీ దాచరు.

3. ఆదివారం భోజనం తరువాత ఆ జాబితాను కుటుంబమంతా కలిసి చదవండి. వాటిలో తక్కువ వండితే సరిపోయేవి ఏవి? ఫ్రీజర్‌లో దాచదగినవి ఏవి? పొరుగువారికి ఇవ్వదగినవి ఏవి?

మా అత్తయ్య ఇప్పుడు లేరు. ఫ్రీజర్ తలుపు మీది కాగితంలో తేదీ రాసినప్పుడల్లా ఆమె మాట గుర్తుకొస్తుంది. పారేయడానికి గడువు పెట్టుకోవడం మాని, వాడుకోవడానికి గడువు పెట్టుకుందాం.